సమస్య: తప్పు సేయనివాఁడె పో తలను వంచె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్యను 1959 మే 26 రాత్రి మిల్వాకీ కౌంటీ స్టేడియంలో జరిగిన బేస్‌బాల్ ఆటకే అన్వయించి పూరించవలసిందిగా మనవి. పిట్స్‌బర్గ్ పైరేట్స్ తరఫున బంతి విసరిన హార్వీ హాడిక్స్, 12 ఇన్నింగ్సులపాటు మిల్వాకీ బ్రేవ్స్ జట్టువారిలో ఒక్కరినైనా మొదటి బేసు (పరుగుదారిలో తొలి మజిలీ) చేరనీయక, వరుసగా 36 మందిని వెనక్కు పంపి కూడా, 13వ ఇన్నింగ్సులో 1-0 తేడాతో ఓడిపోయాడు. ఆ వృత్తాంతం చదువుతుండగా ఈ పాదం నోట పలికింది. ధర్మరాజును తెచ్చి తప్పించుకొనే పూరణలు ఈసారి వద్దు.

పద్యప్రియ:
తే.గీ.
వరుస ముప్పదియార్గురన్ వాడిబంతి
చేతఁ బడఁగొట్టి హాడిక్సు చెలఁగు రేయి
తనదు జట్టువాఁ డొక్కఁడు తప్ప విసర
తప్పు సేయనివాఁడె పో తలను వంచె.

ఛందోభృంగం:
ధార సాఫీగా ఉంది, ముప్పదియార్గురు తొలి పాదంలోనే ఒదిగారు. అయితే గత సమస్యలో నా ర-ల యతిని (పాదం మొదటి అక్షరానికి ర-లలతో కుదిర్చిన మైత్రిని) వారం రోజులపాటు వేలెత్తి చూపిన పద్యప్రియ గారికి, 'విసర' అన్నది ద్రుతాంతమనీ (నకారంతో ముగిసే 'విసరన్' అనీ), దాని మీది పరుషమైన 'త' సరళమైన 'ద'గా మారి సమస్యాపాదం 'దప్పు' అని మొదలవుతుందనీ నేను గుర్తు చేయవలసి రావడం విచిత్రం. 'తనదు జట్టువాఁ డొక్కఁడు తప్పినాఁడు' అంటే చిక్కు తీరడమే కాక, తప్పినవాడూ తప్పు చేయనివాడూ ఎదురెదురుగా నిలుస్తారు. ఇక నా పూరణలో ఓడినవాడి జోలికి పోలేదు.

తే.గీ.
బంతిఁ గోడకు నవ్వలఁ బడఁగఁ గొట్టి
ముదము మీఱంగ నాడ్కాకు ముందు కుఱికి
దారిఁ దొలఁగిన యారనున్ దాఁటినాఁడు
తప్పు సేయనివాఁడె పో తలను వంచె.

బంతి గోడ దాటలేదనీ, అప్పటికే బేసు మీదున్న సహచరుడు మాంటియా పరుగుతోనే ఆట ముగిసిందనీ భ్రమించి, బ్రేవ్స్ ఆటగాడు హాంక్ ఆరన్ దారి విడిచి డగౌట్ వైపు నడిచాడు. వెనుక వస్తున్న జో ఆడ్కాక్ అతణ్ణి దాటడంతో ఔటయ్యాడు, కొట్టిన హోమ్ రన్ కాస్తా డబుల్‌గా (రెండవ బేసు వరకే చెల్లే దెబ్బగా) మిగిలింది. గెలిపించినవాడే తల వంచాడన్నది ఇందులోని చమత్కారం.

పద్యప్రియ:
'తప్పినాఁడు' బాగుంది, స్వీకరిస్తున్నాను. ర-ల అభేదయతి మాట మీరే ఎత్తారు కనుక చెబుతున్నాను, అది నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. మీ చమత్కారమూ పూర్తిగా నిలవదు. ముందున్న పరుగువాణ్ణి వెనుకవాడు దాటితే ఔటయ్యేది దాటినవాడే కనుక, నియమం దృష్టిలో ఆ తప్పు ఆడ్కాక్‌దే. దారి తప్పిన ఆరన్‌ను కాదని అతణ్ణి నిర్దోషి అనడం పద్యంలో చెల్లవచ్చునేమో గాని అంపైరు దగ్గర చెల్లలేదు. ఆ రాత్రి 2-0 అన్న లెక్కను నేషనల్ లీగ్ అధ్యక్షుడు వారెన్ గైల్స్ తరువాత 1-0 గా సవరించింది కూడా ఇందువల్లనే కదా.

కృష్ణాతీరవాసి:
మీ ఇద్దరి వాదమూ రసవత్తరంగా ఉంది గాని, 13వ ఇన్నింగ్సులో బంతిని వక్రంగా విసరిన పైరేట్స్ మూడవ బేసు ఆటగాడు డాన్ హోక్‌ను ఇద్దరూ పేరైనా చెప్పకుండా వదిలేశారు. హాడిక్స్ 12 ఇన్నింగ్సులు మచ్చ లేకుండా గడిపాడంటే, అతని వెనుక నిలిచినవారూ అంతసేపు తప్పు చేయలేదనే కదా అర్థం.

తే.గీ.
మూఁడవ నెలవు గాచుచు మొనసి హోకు
బంతులన్నియు నొడిసి తాఁ బంపె సరిగ
నవల విసరినఁ దప్పిన దంతవఱకుఁ
దప్పు సేయనివాఁడె పో తలను వంచె.

ఛందోభృంగం:
'అంతవఱకు' అన్న ఒక్క మాటతో సమస్య అర్థమే తిరిగిపోయింది, పెద్దలకు నమస్కారం. కాని పైన పద్యప్రియ గారి విషయంలో నేను చెప్పిన 'దప్పు' ఇక్కడ అచ్చంగా ప్రత్యక్షమైంది. వారికి కూడనిది తమరికి కూడుతుందా అని నిర్వాహకుల వారిని అడుగుతున్నాను.

నిర్వాహకుడు:
కూడుతుంది. ఆ త-ద మార్పు సంధి తెచ్చినది, పూరించినవారు తెచ్చినది కాదు, పైగా యతికి భంగం లేదు. పద్యప్రియ గారు సరళం చేయకుండా వదిలారు, కృష్ణాతీరవాసి గారు చేశారు, భేదం అంతే. ఆడ్కాక్ పూరణలోని ఊహ నాకు నచ్చింది గాని, గెలిచిన రాత్రి అతడు తల వంచాడంటే మనసు ఒప్పుకోవడం లేదు. హాడిక్స్ పక్షాన ఇంకొక పూరణకు చోటుంది. 1991లో నో-హిట్టర్ (ప్రత్యర్థులకు ఒక్క హిట్టూ, అంటే బేసు చేర్చే దెబ్బ, ఇవ్వని ఆట) నిర్వచనాన్ని మార్చినప్పుడు అతని ఆటను ఆ జాబితానుంచి తొలగించారు, అంటే ఏ తప్పూ చేయకుండానే రెండవసారి తల వంచవలసి వచ్చింది. ఆ రాత్రి బ్రేవ్స్ తరఫున విసరి, 12 హిట్లు ఇచ్చి కూడా 13 ఇన్నింగ్సులు ఒక్క పరుగు రానీయక గెలిచిన లూ బర్డెట్‌ను ఎవరూ ముట్టుకోలేదు, అతణ్ణి ఈ పాదంలో ఇమడ్చగలవారు ఆదివారం లోపల పంపండి.