తొమ్మిదో తరగతికి వీడియో కథల ప్రాజెక్టు ఇచ్చి బోల్తా పడ్డ. మళ్ల ఎట్ల చెయ్యాలె?

జగిత్యాల తెలుగు టీచర్:

మాది జిల్లా పరిషత్ హైస్కూల్. తొమ్మిదిల 38 మంది. ఎఫ్ఏల, అంటే బడిల పెట్టే ఫార్మేటివ్ పరీక్షలల్ల, ప్రాజెక్టు పనికి 5 మార్కులుంటయి గదా, ఏటా వాటికోసం పిల్లలు చార్టులు కొనుక్కొచ్చి, అంచులకు స్కెచ్ పెన్నుతోని పూలు గీసి ఇస్తరు. నేను సంతకం పెడ్త. తర్వాత అవి బీరువా మీద ఎలకల పాలు. ఈసారన్న మారుద్దామని "మీ ఊరి కథ, రెండు నిమిషాల వీడియో" అని ఇచ్చిన.

ఏడు గ్రూపులు. ఐదు వీడియోలల్ల ఒకటే గొంతు. ఫోన్ల యాప్ చదువుతది చూడుండ్రి, ఆ గొంతు. మా ఊరి చెరువు అని చూపించిన ఫోటోల కొబ్బరిచెట్లు, వెనుక పడవ ఇల్లు! మా చెరువు కట్టమీద ఉన్నయి తుమ్మచెట్లు, ఒక పోచమ్మ గుడి. అన్నిటికీ వెనుక సినిమా పాట. ఒక గ్రూపోళ్లు నన్ను అడగకుండనే యూట్యూబ్‌ల పెడితే కాపీరైట్ నోటీసు వచ్చింది. ఇంట్ల స్మార్ట్‌ఫోన్ లేని పిల్లలు 11 మంది, వాళ్ల పేర్లు ఆఖరికి పడే పేర్లల్ల తప్ప ఎక్కడా లేవు. అందరికీ ఐదుకు ఐదు వేసిన గని, మనసొప్పలే.

ల్యాబుల పనిచేసే కంప్యూటర్లు మూడు. డిజిటల్ బోర్డు ఉంది. నెట్టు ఒకనాడు ఉంటే ఒకనాడు ఉండదు. వారానికి ఒక్క పీరియడే ఇయ్యగల్గుత. ఎవరన్న నిజంగ చేసినోళ్లుంటే చెప్పుండ్రి.

ఒంగోలు సోషల్ మాస్టారు:

మేడమ్, మొదటి ఏడాది నాదీ ఇదే కథ. నాకు "మన స్వాతంత్ర్య సమరం" అని ఎనిమిది వీడియోలు వచ్చాయి, ఎనిమిదింటిలోనూ అదే రెపరెపలాడే జెండా. తప్పు పిల్లలది కాదు, నేనిచ్చిన అంశానిది. "మీ ఊరి కథ" అన్నా అంతే. ఊరు మరీ పెద్దది, పద్నాలుగేళ్ల పిల్లకి ఎక్కడ పట్టుకోవాలో తెలీదు. నేనిప్పుడు ఒకటే అడుగుతాను: ఇంట్లోంచి ఒక వస్తువు తీసుకురా, అది ఎవరిదో, ఎందుకు పారెయ్యలేదో చెప్పు. మా దగ్గర ఒకడు వాళ్ల తాత పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో వాడిన థర్మామీటర్ తెచ్చాడు. దానికి గూగుల్లో బొమ్మ వెతకాల్సిన పనేముంది?

ఇక పీరియడ్ల సంగతి. మొదటి మూడు వారాలు నేను ఫోను ముట్టుకోనివ్వను. మొదటి వారం వస్తువు పట్టుకుని నోటితో చెప్పడం, గుండ్రంగా కూర్చుని. రెండో వారం రాయడం. మా లెక్కలో రెండు నిమిషాలకి తెలుగులో రెండొందల మాటలు చాలు, దాటితే పరిగెత్తినట్టు చదువుతారు. మూడో వారం పక్కవాడికి చదివి వినిపించి, వాడు బోరు కొట్టిందన్న వాక్యం కొట్టేయడం. కొట్టేసేటప్పుడు ఏడుస్తారు, కాస్త ఓర్చుకోండి.

నాలుగో వారం గొంతు రికార్డింగ్. క్లాసురూములో చేయొద్దు. పైన ఫ్యాను, బయట పీఈటీ సారు విజిలు. మా బడిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పెట్టే గది ఉంది. బస్తాలు శబ్దాన్ని మింగేస్తాయి, గోడల నుంచి తిరిగి రానివ్వవు. స్టూడియోకి డబ్బులిచ్చినా ఇంత బాగా రాదు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి పట్టుకోమనండి. ఎదురుగా పెడితే "ప", "ఫ" వచ్చినప్పుడల్లా డబ్బుమని కొడుతుంది. ఫోను మీ సొంతదే వాడండి. 38 మందికీ ఒక్కటి చాలు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు; ఒక్క పీరియడ్‌లో అవ్వదు, వారమంతా వంతులవారీగా పంపండి.

ఐదో వారం ఫోటోలు, కూర్పు. మూడు కంప్యూటర్లంటే చాలా ఎక్కువ. ఓపెన్‌షాట్ ఉచితం, ఒకసారి ఎక్కిస్తే నెట్టు అక్కర్లేదు. సినిమా పాట మాత్రం పెట్టనివ్వకండి. పాట పెట్టగానే పిల్లవాడి గొంతు దాని కింద పడి చస్తుంది.

లెక్కల సార్:

ఇదంతా బాగుంది గానీ, సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? పై అధికారి వచ్చి నోట్సులు చూస్తారా, మీ వీడియోలు చూస్తారా?

ఒంగోలు సోషల్ మాస్టారు:

నోట్సులే చూస్తారు సార్. అందుకే రెండో వారం రాసింది నోట్సులోనే రాయిస్తాను.

డాలస్ ఆదివారం బడి:

ఇక్కడ వారాంతం తెలుగు క్లాసులో నేనూ చెబుతాను, హైస్కూలు వయసు పిల్లలకి. మాస్టారు చెప్పిన గుండ్రంగా కూర్చోవడం అనే పద్ధతి ఈ ప్రక్రియ, అంటే డిజిటల్ స్టోరీటెల్లింగ్, పుట్టినప్పటినుంచీ ఉంది. 1990లలో కాలిఫోర్నియాలో జో లాంబర్ట్, డానా ఆచ్లీ వాళ్లు మొదలుపెట్టిన వర్క్‌షాపుల్లో కూడా కంప్యూటర్ దగ్గరికి వెళ్లేముందు అందరూ చుట్టూ కూర్చుని ఒకరి కథ ఒకరు వినేవారు. తర్వాత 2001లో బీబీసీ వేల్స్‌లో మామూలు జనంతో ఇలాంటివి చేయించింది. అవీ రెండు నిమిషాలే, సుమారు 250 మాటలు, కొన్ని ఫోటోలు, చెప్పేవాళ్ల సొంత గొంతు.

మా తిప్పలు వేరు. ఇక్కడి పిల్లలకి ఫోన్లున్నాయి, మాటలు లేవు. అమ్మమ్మకి వీడియో కాల్ చేసి రికార్డు చేయమంటే, అమ్మమ్మ ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టింది, పిల్లకి అర్థం కాదేమోనని.

ఇద్దరు పిల్లల తల్లి, హనుమకొండ:

రెండు మాటలు. ఒకటి, పేర్లు తెలుగులో టైపు చేస్తే చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి "లక్ష్మి" ముక్కలైపోతుంది. చార్టు మీద చేత్తో రాసి ఫోటో తీయించండి. అందంగా కూడా ఉంటుంది.

రెండు, యూట్యూబ్‌లో పెట్టొద్దు మేడమ్. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందర్నీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటుంది. చట్టం సరే, ఇంటి అప్పుల సంగతి మా పిల్ల బడిలో చెబితే నాకు ఫర్వాలేదు, ఊరంతా వాట్సాప్‌లో చూస్తే ఊరుకోను.

జగిత్యాల తెలుగు టీచర్:

అందరికీ దండాలు. రెండు నెలలైంది, ఏమైందో చెప్పాలె గదా.

వస్తువు తెమ్మంటే మొదటినాడు ఆరుగురే తెచ్చిండ్రు. మిగిలినోళ్లు "మా ఇంట్ల ఏం లేదు మేడం" అన్నరు. ఒక పిల్ల బీడీలు చేసే చాట తెచ్చింది, తునికాకు కత్తిరించే కొలత రేకుతో సహా. ఆ రేకు అంచు వాళ్ల అవ్వ వేలు రాకి రాకి ఒకదిక్కు అరిగిపోయింది. అది అందరి చేతులు తిరిగినంక, తెల్లారి 29 మంది తెచ్చిండ్రు.

ఆ పిల్ల రికార్డింగుల అవ్వ మాట రెండు ముక్కలే ఉంది. తక్కినదంత కత్తెర చప్పుడు. నేను తీసేయమన్న. "అది తీస్తే మా అవ్వ ఉండది మేడం" అన్నది. నేనే తప్పు, ఉంచినం.

ఇంకొకామె క్యాసెట్టు తెచ్చింది. గల్ఫ్ పోయినోళ్లు అప్పట్ల ఉత్తరం రాయరాక, గొంతు నింపి ఊరికొచ్చేటోళ్లతో పంపేటోళ్లు గదా, అది. వాళ్ల తాతది, మస్కట్ నుంచి. ఇంట్ల టేప్‌రికార్డర్ లేదు, ఊర్ల మైకుసెట్టు ఆయన దగ్గర దొరికింది. టేపు చిక్కుకపోతే పెన్సిల్ పెట్టి తిప్పినం. ముందు కాసేపు గరగర. తర్వాత తాత ఒక్కొక్కల పేరు పిలుసుకుంట అడుగుతున్నడు: బర్రె ఈనిందా, బాయిల నీళ్లున్నయా, చిన్నోడు బడికి పోతున్నడా. ఆ చిన్నోడు ఈ పిల్ల నాయిన. ఆయన ఇప్పుడు దుబాయిల ఉన్నడు. క్లాసుల ఫ్యాను బంద్ చేసి విన్నరు, నేను చెప్పకముందే.

ఇరవై సెకండ్లు ఉంచి, మిగిలినదంత తన గొంతుతోనే చెప్పింది. బియ్యం బస్తాల గది మాకూ పనికొచ్చింది మాస్టారూ, గాకపోతే తుమ్ములు ఎక్కువ. యూట్యూబ్‌ల పెట్టలేదమ్మా, డిజిటల్ బోర్డు మీదనే చూపించినం, తల్లులను పిలిచి. ఫోన్ లేని 11 మందిల తొమ్మిది మంది సొంతంగ చెప్పిండ్రు. ఇద్దరు మేము చెప్పము అన్నరు, బలవంతం చెయ్యలే, రాసిందానికే మార్కులేసిన.

క్యాసెట్టు పిల్లకు నాలుగున్నర. "మస్కట్" రెండుచోట్ల "మస్కెట్" అని రాసింది, అర మార్కు కోసిన. క్యాసెట్టు ఇంకా మైకుసెట్టు ఆయన దగ్గరనే ఉన్నది, సోమవారం పోయి తేవాలె.