కోర్ గోడలో ఇన్ని టై రాడ్లు ఎందుకు? ఒక్కటి జరిపితే ఏమవుతుంది?

టెక్లా_రాత్రులు:
హైదరాబాద్‌లో స్టీల్ డీటెయిలింగ్ చేస్తాను, అంటే బిల్డింగుల స్టీలు ముక్కలకి ఫ్యాక్టరీ డ్రాయింగులు గీయడం. ఎనిమిదేళ్లుగా అన్నీ అమెరికా జాబులే. ఇప్పుడు వెస్ట్‌కోస్ట్ టవర్ ఒకటి వచ్చింది. లిఫ్టుల చుట్టూ ఉండే కోర్ గోడలో ఊచలు లేవు, సెంట్రింగ్ లేదు. ఎదురెదురుగా రెండు అర అంగుళం ప్లేట్లు, వాటిని కలుపుతూ నిలువునా అడ్డంగా 12 అంగుళాలకో రాడ్డు, మధ్యలో కాంక్రీటు. 10 అడుగుల ఎత్తు, 30 అడుగుల పొడవు ప్యానెల్ ఒక్కదానికే దాదాపు 300 రాడ్లు. కలలోకి కూడా అవే వస్తున్నాయి.

నిన్న అట్టడుగు ప్యానెల్‌లో ఒక రాడ్డు స్ప్లైస్ ప్లేటుకి (రెండు ముక్కల్ని అతికే ప్లేటు) తగిలింది. రెండంగుళాలు జరపొచ్చా అని డిజైన్ ఇంజినీర్లకి ఆర్‌ఎఫ్‌ఐ (రాతపూర్వక ప్రశ్న) పెడితే కుదరదని ఒక్క ముక్కలో తేల్చేశారు. 'భూకంపం కోసం' అంటాడు మా లీడ్, అంతకుమించి చెప్పడు. 300లో ఒకటి కాస్త జరిగితే టవర్ పడిపోతుందా?

లెక్కలమాస్టారు:
పడిపోదు. కానీ వాళ్ల మాట సరైనదే. భూకంపంలో గోడ అటూ ఇటూ ఊగుతుంటే అడుగున ఒక అంచు నొక్కుకుంటుంది, రెండో అంచు సాగుతుంది. నొక్కుకున్న వైపు ప్లేటు ఉబ్బాలని చూస్తుంది. లోపలికి ఉబ్బనివ్వకుండా కాంక్రీటు ఆపుతుంది. బయటికి ఉబ్బకుండా పట్టుకునేది మీ రాడ్లే. రెండు రాడ్ల మధ్య ప్లేటు ఎంత వెడల్పుగా వదిలేస్తే అంత తొందరగా ఉబ్బుతుంది.

50 కేఎస్‌ఐ స్టీలుకి (కేఎస్‌ఐ అంటే స్టీలు బలం కొలిచే అమెరికా కొలత) గోడ అడుగు భాగంలో రాడ్ల మధ్య దూరం ప్లేటు మందానికి సుమారు 24 రెట్లు దాటకూడదు. అర అంగుళానికి 12. మీవాళ్లు సరిగ్గా హద్దు మీదే పెట్టారు. మీరు జరిపితే ఒక పక్క 14 అవుతుంది, అంటే 28 రెట్లు. పై అంతస్తుల్లో అయితే హద్దు దాదాపు 29 కాబట్టి అక్కడ అడిగి చూడండి, ఒప్పుకోవచ్చు.

అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో అమిత్ వర్మ బృందం ఇలాంటి గోడల్ని జాకీలతో అటూ ఇటూ తోసి పరీక్షించింది. ఈ గోడల తీరేమిటంటే, ప్లేటు ఉబ్బగానే బలం ఒక్కసారిగా పోదు. మళ్లీ మళ్లీ ఉబ్బి, సాగి, చివరికి చిరుగుతుంది. ఆ మధ్యలో దొరికే సమయమే మనకి కావాల్సింది. లిఫ్టు తలుపుల పైన దూలాలుంటాయి చూడండి, ముందు అవి లొంగి శక్తి మింగాలి, గోడ అడుగు ఆ తర్వాత. వరస తప్పకూడదు.

సైట్‌బాబాయ్:
నేను వైజాగ్‌లో కోర్ వాల్ పోయించినవాణ్ణి. గోడ చివర్లలో ఊచలు ఎంత దట్టంగా ఉంటాయంటే వైబ్రేటర్ సూది దిగదు, ఇరుక్కుంటే మరి రాదు. సెంట్రింగ్ విప్పాక హనీకోంబ్ (కాంక్రీటు నిండక మిగిలిన బొక్కలు) కనబడితే గుండె జారిపోయేది. అయినా కనబడుతుంది కదా, గ్రౌటింగ్ చేసుకునేవాళ్లం. మీ ప్లేట్ల వెనక కాంక్రీటు సరిగా నిండకపోతే ఎవరికి కనబడుతుంది? నాకు ఆ నమ్మకం కుదరడం లేదు.

లెక్కలమాస్టారు:
న్యాయమైన అనుమానమే బాబాయ్. అందుకే దానంతటదే పారే కాంక్రీటు వాడతారు. పచ్చి కాంక్రీటు మీటరు ఎత్తుకి చదరపు మీటరు మీద రెండున్నర టన్నుల దాకా తోస్తుంది, ఆ తోపుడికి ప్లేటు బొజ్జ పెట్టకుండా ఆపేదీ ఈ రాడ్లే.

వానలో_సియాటెల్:
మా సియాటెల్‌లో రెయినియర్ స్క్వేర్ టవర్ ఇలాంటిదే, 58 అంతస్తులు. మా ఆఫీసు కిటికీలోంచి రోజూ చూసేదాన్ని, సోమవారానికి సోమవారానికి పెరిగిపోయేది. కాంక్రీటు గట్టిపడేదాకా ఆగకుండా పైకి స్టీలు ఎక్కిస్తారు కాబట్టి మొత్తం స్టీలు 10 నెలల్లో నిలబెట్టేశారు. ఇక్కడ భయం 1700లో ఈ తీరంలో వచ్చిన కాస్కేడియా భూకంపం లాంటి దాని గురించి. తీవ్రత 9 దాకా, ఊపు నిమిషాల తరబడి. పైగా ఊరి కింద మెత్తటి మట్టి ఎత్తైన బిల్డింగుల్ని ఇంకా ఊపుతుందట.

టెక్లా_రాత్రులు:
మాస్టారూ, ఇప్పుడర్థమైంది. 2024 డిసెంబరు 4న ములుగు భూకంపం వచ్చినప్పుడు నాలుగో అంతస్తులో మా మంచం ఊగింది, అదే పెద్ద విషయం అనుకున్నాను. నిమిషాల తరబడి అంటే ఊహకే అందడం లేదు. రాడ్డు వదిలేసి స్ప్లైస్ ప్లేటుకే గాడి కొట్టొచ్చా అని అడుగుతాను.

ఇంకొక్కటి. ప్యానెల్స్‌లో అక్కడక్కడా ఉత్త బెజ్జాలున్నాయి, వాటిల్లో బోల్టు లేదు, రాడ్డు లేదు. అవెందుకు?

లెక్కలమాస్టారు:
అగ్నిప్రమాదం జరిగితే కాంక్రీటులో నీళ్లు ఆవిరవుతాయి. రెండు వైపులా ప్లేట్లే కదా, ఆ ఆవిరి పోయే దారి అది.

టెక్లా_రాత్రులు:
ఎవరో మర్చిపోయిన బెజ్జాలనుకుని రెండు అంతస్తుల డ్రాయింగుల్లో తీసేశాను. ఆఫీసుకి బయల్దేరుతున్నా.