సమస్యాపూరణం: ప్రజలు వచ్చిరనుచు ప్రభువు వగచె

మన పద్య బృందానికి పర్లాకిమిడి నుంచి ఈ వారం సమస్య. ఇచ్చిన చివరి పాదానికి ముందు మూడు పాదాలు రాయాలి. సభ్యులను ఊరి పేరుతోనే పిలుస్తాం. ఆటవెలది నాలుగో పాదం:

ప్రజలు వచ్చిరనుచు ప్రభువు వగచె

జనం రాలేదని దిగులుపడే నాయకుణ్ణి అందరం చూశాం. లారీలు పంపి మరీ రప్పించుకుంటాడు. ఆ జనమే పిలవకుండా వచ్చి 'మా ఊరి సంగతి మేము తేల్చుకుంటాం' అంటే అతడికి గుండె ఎందుకు జారుతుంది? దాన్ని పట్టుకోండి. పురాణాల జోలికి పోవద్దు, మన జిల్లాల్లోనే కావలసినంత ఉంది.

రాయగడ సభ్యురాలి పూరణ:

సంతకములు తెచ్చి చదివించె తీర్మాన
పత్ర మెవరు లేని పంచ నీడ
పల్లెసభకు డప్పు పలుకంగ నొకనాడు
ప్రజలు వచ్చిరనుచు ప్రభువు వగచె

పర్లాకిమిడి: అమ్మా, ఎవరూ లేని ఆ పంచ నీడ కళ్ళకు కడుతోంది. స, చలకు యతిమైత్రి (పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరం పొత్తు) చెల్లింది. ఒక్క సూచన: 'పల్లె'ను 'పల్లి' చేయండి. ఒడిశా చట్టంలో ఊరి సభ పేరు పల్లిసభే. గణం చెడదు, పద్యం మన నేల మీద నిలుస్తుంది.

గుణుపురం సభ్యుడి పూరణ, ఒడిశాలోని నియమగిరి కొండ మీద:

కొండ తవ్వ నెంచు కోరిక చెడునట్లు
పల్లెపల్లె పలుక వద్దటంచు
పండు ముసలి మొదలు పసివారి దాకను
ప్రజలు వచ్చిరనుచు ప్రభువు వగచె

బరంపురం: నడక హాయిగా ఉంది, కానీ మూడో పాదం ఒప్పుకోను. పల్లిసభలో మాట చెల్లేది ఓటరుకే, పసివారికి కాదు. 'పడుచుల దాకను' అనండి, యతి అలాగే ఉంటుంది. ఇంతకన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఆ కొండ తవ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. కొండ చుట్టూ ఊళ్ళు ఎన్నో ఉండగా రాష్ట్ర ప్రభుత్వం ఎంచింది పన్నెండు. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖే దాన్ని ఆక్షేపించింది. జూలై, ఆగస్టు వానల్లో, జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదుట, సెర్కాపాడి నుంచి జరపా దాకా పన్నెండు సభలూ బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వకం వద్దన్నాయి. ప్రభువు వగచింది జనం వచ్చాక కాదు, ఎంతమందిని రానివ్వాలో లెక్క వేసుకున్నప్పుడే. మీ పద్యంలో ఆ లెక్క లేదు.

గుణుపురం: 'పడుచుల' మార్చుకున్నాను. లెక్క సంగతి నిజమే, మరో పద్యం రాస్తాను.

సిరొంచ సభ్యుడి పూరణ, మహారాష్ట్రలోని తమ గడ్చిరోలి జిల్లా మెండా లేఖ గ్రామసభను తలచుకొని:

మాటలాడి యొక్క మాటపై నిలబడి
వెదురు మాదె యంచు వెఱపు లేక
యడవి నడుమ నుండి గడపను త్రొక్కుచు
ప్రజలు వచ్చిరనుచు ప్రభువు వగచె

కొత్త సభ్యురాలు: మూడో పాదంలో యతి తప్పలేదా? 'య'కు 'గ' ఎలా సరిపోతుంది?

సిరొంచ: ప్రాసయతి అమ్మా. యడవి, గడప: రెండో అక్షరం 'డ' కలిసింది, ఆటవెలదిలో చెల్లుతుంది. 'ఒక్క మాట' ఊరికే పడలేదు. ఆ ఊళ్ళో నిర్ణయం చేతులెత్తి లెక్కించి చేయరు, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడతారు. అడవి మీద హక్కు కాగితం వచ్చాక కూడా వెదురు రవాణా పర్మిట్ల కోసం పోరాడవలసి వచ్చింది. 2011 ఏప్రిల్‌లో ఆ పర్మిట్ల పుస్తకం గ్రామసభ చేతికి వచ్చింది.

బరంపురం: నా పూరణ. ప్రభువును దుర్మార్గుణ్ణి చేస్తే సమస్య సులువుగా విడిపోతుంది. నాకు భయం మంచివాడంటేనే.

అన్ని నేనె యిచ్చి యాదుకొందును గాని
యడుగవద్దటంచు నాన పెట్టి
తండ్రి వోలె నేలు ధర్మాత్ము డావేళ
ప్రజలు వచ్చిరనుచు ప్రభువు వగచె

పర్లాకిమిడి: మాస్టారూ, నేను వెతికింది ఇదే. బియ్యం ఇస్తాడు, ఇల్లు ఇస్తాడు, కుర్చీ మాత్రం వేయడు. జనం మాట్లాడే భాషకు పుస్తకంలో చోటివ్వాలని గిడుగు రామమూర్తి పంతులుగారు వాదిస్తే ఎదురు నిలిచినవాళ్ళూ చదువుకున్న పెద్దమనుషులే. మొదటి రెండు పాదాల్లో ప్రభువు గొంతు, తరవాత కవి గొంతు. ఆ మలుపు చక్కగా కుదిరింది.

రాయగడ: 'పల్లి' అని దిద్దుకున్నాను. మాస్టారి పద్యం కాగితం మీద రాసుకున్నాను. వచ్చే పల్లిసభలో అర్థం ఒడియాలో చెప్పి, తీర్మానాల పుస్తకం అందరి ముందూ చదవమని అడుగుతాను.