గనుల నగరంలో జీతాలు ఎక్కువ. మరి బతుకు?

గనిలెక్క:
సగటు జీతం చూపించి గొప్పలు చెప్పేవాళ్ళు ఈ లెక్క వెయ్యండి. పదిమందిలో ముగ్గురికి 300 చొప్పున, ఏడుగురికి 50 చొప్పున వస్తే సగటు 125. కానీ నడిమధ్య ఉన్నవాడి చేతికొచ్చేది 50. ఇంటి ఓనరు అద్దె పెట్టేదేమో 300 వాణ్ణి చూసి. నర్సులూ టీచర్లూ నిలవకపోవడం అందుకే.

డ్రిల్‌బిట్:
సగమే నిజం. గని జీతం పెరిగితే ఎలక్ట్రీషియన్‌కీ, గని కార్మికులు ఉండే క్యాంపులో వంటవాడికీ పెంచక తప్పదు, లేదంటే వాళ్ళూ గనికే పోతారు. ఇక అద్దెలంటారా, ఇళ్ళు చాలకే పెరుగుతాయి. లేఅవుట్ అనుమతి, నీళ్ళ లైను, డ్రైనేజీ అయ్యేసరికి ఏళ్ళు పడుతుంది. గిరాకీ మాత్రం నెలల్లో వచ్చిపడుతుంది.

గనిలెక్క:
పెంచే స్తోమత ఉన్నవాడు పెంచుతాడు. బయటి మార్కెట్ ధరకే సరుకు అమ్ముకోవాల్సిన ఫ్యాక్టరీ ఎక్కడ పెంచుతుంది? మూతపడుతుంది. 1959లో గ్రోనింగెన్‌లో గ్యాసు బయటపడ్డాక నెదర్లాండ్స్‌లో కరెన్సీ బలపడి మిగతా ఎగుమతులు దెబ్బతిన్నాయి. దాన్నే డచ్ జబ్బు అన్నారు. నగరానికి సొంత కరెన్సీ ఉండదు కాబట్టి ఆ దెబ్బ అద్దె, కూలి రూపంలో తగులుతుంది.

షిఫ్ట్‌బి:
ఇద్దరూ రోస్టర్ సంగతి వదిలేశారు. 14 రోజులు పని, 14 రోజులు సెలవు, రోజుకు 12 గంటల షిఫ్టు. కెనడాలోని అల్బెర్టా రాష్ట్రంలో చమురు ఇసుక తవ్వే ఫోర్ట్ మెక్‌ముర్రే చుట్టుపక్కల ఇలా విమానంలో వచ్చిపోయేవాళ్ళు చాలామంది. జీతం లెక్క ఇక్కడ, ఖర్చు ఇంకెక్కడో. రోడ్లూ ఆసుపత్రీ మాత్రం ఇక్కడివే వాడతారు.

ఇంకోటి, పే స్లిప్పులో బేసిక్ ఎంత, ఓవర్‌టైమ్ ఎంత అన్నది చూడాలి. 2014 మధ్యలో 110 డాలర్లు దాటిన ముడిచమురు బ్యారెల్ ధర 2016 జనవరికి 30 కిందికి దిగింది. అలాంటప్పుడు ముందు పోయేది ఓవర్‌టైమ్, ఆ తర్వాత కాంట్రాక్టు కూలీలు. మొత్తం జీతం చూసుకుని ఇంటి అప్పు తీసుకున్నవాడు అక్కడే ఇరుక్కుంటాడు, ఎందుకంటే ఇంటి ధర కూడా అదే నెలల్లో పడుతుంది. ఈఎంఐ బేసిక్‌లో ఇమిడితేనే కొనాలి.

డ్రిల్‌బిట్:
ఒప్పుకుంటా. కానీ అది మంచి రోజుల్లో డబ్బు దాచుకోని ప్రభుత్వం తప్పు, గనిది కాదు. అల్బెర్టా 1976లో నిధి పెట్టి, వనరుల ఆదాయంలో 30 శాతం వేస్తూ, తర్వాత 15కి తగ్గించి, 1987లో ఆపేసింది. నార్వే తన చమురు నిధిలో 1996 నుంచి జమ చేస్తూ, అందులోంచి ఏటా తీసేది నిధి విలువలో 3 శాతం దగ్గరే ఉండాలని 2017లో నియమం బిగించింది.

గనిలెక్క:
అవి రాష్ట్రం, దేశం చేసే పనులు. తవ్వినదానిపై కంపెనీ కట్టే రాయల్టీ పోయేది వాళ్ళ ఖజానాకే. నగరపాలికకు మిగిలేది ఎక్కువగా ఆస్తి పన్నే, క్యాంపులేమో చాలావరకు నగర హద్దు బయట. ఇక నగరపాలిక దేంతో దాచాలి?