చెరకు రసం నుంచి నేరుగా శుద్ధ పంచదార తీయడం సాధ్యమేనా?

ప్రశ్న:
బీట్‌దుంప రసం నుంచి ఒకే కర్మాగారంలో తెల్లని పంచదార వస్తుంది. చెరకు రసం మాత్రం చాలాచోట్ల మొదట ముడి పంచదారగా మారి, మళ్లీ నీటిలో కరిగి, రంగు పోగొట్టుకుని, రెండోసారి స్ఫటికంగా మారవలసి వస్తోంది. బీట్ రసాన్ని శుద్ధిచేసే కార్బొనేటేషన్ పద్ధతినే చెరకు రసానికీ వాడితే ఈ రెండో దశ అవసరం లేకుండా పోదా?

మొదటి సమాధానం:
దాని అవసరం పూర్తిగా పోదు, ఎందుకంటే ఆ రెండు రసాల స్వభావం వేరు. బీట్ రసంలో సున్నపు పాలు దండిగా కలిపి, 80 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కార్బన్ డయాక్సైడ్ పంపితే ఏర్పడే కాల్షియం కార్బొనేట్ మలినాలను తనకు అంటించుకుంటుంది, దానిని వడగట్టి తీసివేస్తారు. చెరకు రసంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ బీట్ రసంలో కంటే చాలా ఎక్కువ. అంత క్షారంలో, అంత వేడిలో అవి విచ్ఛిన్నమై ముదురు రంగు పదార్థాలుగానూ, సున్నంతో కలిసి రసంలోనే నిలిచిపోయే లవణాలుగానూ మారతాయి. అందువల్ల చెరకుకు ఈ పద్ధతిని వాడినప్పుడు వేడిని 55 డిగ్రీల దగ్గర ఆపుతారు. అలాగని సున్నం మానడానికీ వీలు లేదు. తాజా రసం పీహెచ్ 5.5కు అటూ ఇటూ ఉంటుంది కనుక, ఆ ఆమ్లత్వంలోనే మరిగిస్తే మనకు కావలసిన సుక్రోజే, అంటే పంచదారే, విచ్ఛిన్నమైపోతుంది.

రెండో సమాధానం:
నా దృష్టిలో అసలు అడ్డంకి స్ఫటికంలోనే ఉంది. బీట్ రంగులో అధిక భాగం స్ఫటికం పైనున్న పాకపు పొరలోనే ఉండిపోతుంది కాబట్టి సెంట్రిఫ్యూజ్‌లో, అంటే వేగంగా గిరగిరా తిప్పి పాకాన్ని వేరుచేసే యంత్రంలో, నీటితో కడిగితే పోతుంది. చెరకు రంగులో పాలీసాకరైడ్లతో (చక్కెర అణువులు గొలుసులా కలిసిన పదార్థాలతో) ముడిపడిన పెద్ద అణువులుంటాయి. స్ఫటికం పెరుగుతున్నప్పుడే అవి లోపల చిక్కుకుంటాయి, ఇక ఎంత కడిగినా రావు. గంధకపు పొగతో శుద్ధిచేసి నేరుగా తీసే తెల్ల పంచదార వాడుకకు చక్కగా పనికివస్తుంది కానీ, దాని రంగు సాధారణంగా ఐకుమ్సా కొలమానంలో (పంచదార రంగును కొలిచేది, అంకె పెరిగితే రంగు ఎక్కువని అర్థం) 100 పైనే ఉంటుంది, నిల్వలో మెల్లగా పసుపు తిరుగుతుంది. శుద్ధ పంచదారకు వాడుకలో ఉన్న హద్దు 45.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఆ పెద్ద అణువులను రసంలోనే వడగట్టలేమా?

రెండో సమాధానం ఇచ్చినవారు:
వడగట్టవచ్చు. సున్నంతో తేర్చిన రసాన్ని అల్ట్రాఫిల్ట్రేషన్ పొరల (పెద్ద అణువులను ఆపే అతిసన్నని రంధ్రాల పొరల) గుండా పంపి, అయాన్ మార్పిడి రెసిన్లతో (కొన్ని అయాన్లను పట్టుకుని బదులుగా వేరేవాటిని వదిలే గుళికలతో) కాల్షియాన్నీ మిగిలిన రంగునూ తీసివేస్తే, ఒక్కసారి స్ఫటికీకరణతోనే శుద్ధ పంచదారకు చేరువ కావచ్చు. కానీ జిగట పదార్థాలు పొరలను త్వరగా పూడ్చేస్తాయి, రెసిన్లను కడిగిన ఉప్పునీటిని ఎక్కడికి పంపాలన్నది తేలికైన సమస్య కాదు. పైగా ముడి పంచదారను కరిగించినప్పుడు శుద్ధిచేయవలసింది చిక్కని, దాదాపు స్వచ్ఛమైన ద్రావణాన్ని మాత్రమే. ఇక్కడైతే ఎనిమిదింట ఏడు వంతుల దాకా నీరే ఉండే రసం మొత్తాన్ని ఆ పరికరాల గుండా నడిపించాలి. అందుకే చెరకు మిల్లు ఆవరణలోనే శుద్ధి విభాగాన్ని నెలకొల్పి, ముడి పంచదారను ఆరబెట్టకుండానే కరిగించి, పిప్పిని మండించగా వచ్చే ఆవిరితో రెండోసారి స్ఫటికీకరించడమే నాకు ఎక్కువ ఆచరణయోగ్యంగా కనిపిస్తోంది.