హైదరాబాదు–విశాఖ విమాన ప్రయాణం: గంటంబావు అనాలా, అయిదు గంటలనాలా?

విశాఖవాసి:
శంషాబాదు, విశాఖ విమానాశ్రయాల మధ్య సూటిగా కొలిస్తే దాదాపు 510 కిలోమీటర్ల దూరం వస్తుంది. జెట్ విమానం పైకి చేరాక గంటకు 800 కిలోమీటర్లు మించిన వేగంతో సాగుతుంది కనుక, ఆ లెక్కన 40 నిమిషాలైనా పట్టకూడదు. టికెట్టు మీద మాత్రం గంటంబావు అని ఉంటుంది. ఆలస్యాలు బయటపడకుండా విమాన సంస్థలు సమయాన్ని పెంచి వేస్తున్నాయని నా అభిప్రాయం.

గగనమార్గం:
కొంత వెసులుబాటు కలుపుతారన్నది నిజమే కానీ, తేడా అంతా దానివల్ల వచ్చింది కాదు. టికెట్టు మీది సమయం విమానం నిలిచిన చోటి నుంచి కదిలినప్పుడు మొదలై, అవతల మళ్ళీ నిలిచినప్పుడు ముగుస్తుంది. రన్‌వే దాకా వెళ్ళడం, వంతు కోసం ఆగడం, గాలికి ఎదురుగా దిగడానికి చుట్టు తిరగడం అన్నీ అందులోనే ఉంటాయి. ఇంత తక్కువ దూరంలో పైకెక్కడానికీ కిందికి దిగడానికీ దారిలో సగానికి పైగా సరిపోతుంది, ఆ సమయంలో పూర్తి వేగం ఉండదు. విమానం రకాన్ని కూడా చూడాలి. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే ఏటీఆర్‌కు (ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం) ఇదే దూరం గంటన్నర ప్రయాణం.

కూకట్‌పల్లి ప్రయాణికుడు:
అమ్మను చూడడానికి తరచూ విశాఖ వెళ్ళే నాకు ఈ రెండు లెక్కలూ చాలవు. 2008 మార్చి వరకు విమానాలు నగరం నడుమ ఉన్న బేగంపేట నుంచే ఎగిరేవి. ఇప్పుడు మా ఇంటి నుంచి శంషాబాదు చేరడానికే గంటంబావు పడుతుంది. బయలుదేరే వేళకు గంట ముందే చెకిన్ కౌంటరు మూసేస్తారు కనుక గంటన్నర ముందు అక్కడ ఉంటాను. అటు సామాను అందుకుని, టాక్సీ పట్టుకుని అమ్మ గడప తొక్కేసరికి మొత్తం అయిదు గంటలవుతుంది. సికింద్రాబాదు నుంచి వందే భారత్ దాదాపు 700 కిలోమీటర్లు తిరిగి ఎనిమిదిన్నర గంటల్లో నేరుగా నగరంలోకే చేరుస్తుంది. రైలుకు ముందూ వెనుకా పట్టే గంటన్నరను కలిపినా, విమానంతో మిగిలేది అయిదు గంటలే తప్ప, టికెట్లను పోల్చినప్పుడు కనిపించే ఏడు గంటలు కాదు. నగరానికి 45 కిలోమీటర్ల దూరాన ఉన్న భోగాపురం కొత్త విమానాశ్రయంలో దిగవలసి వస్తే అది ఇంకా తగ్గుతుంది.

విశాఖవాసి:
సంస్థలు కావాలనే పెంచుతున్నాయన్న మాటను, గగనమార్గం గారి వివరణ చదివాక, వెనక్కి తీసుకుంటున్నాను. మీ అయిదు గంటల లెక్కను మాత్రం అందరికీ వర్తింపజేయలేము. రాజేంద్రనగర్‌లో ఉన్నవారికి శంషాబాదు చాలా దగ్గర. భోగాపురం గాజువాక వారికి భారమే అయినా, ఇన్నాళ్ళూ విశాఖ దాకా వచ్చి విమానం ఎక్కిన విజయనగరం, శ్రీకాకుళం వారికి అదే దారి సగానికి సగం తగ్గుతుంది.