నాన్నకి రక్తనాళాల కణాలు ఎక్కించాలా వద్దా? అన్నయ్య తోట బేరం పెట్టేశాడు

లంకకుర్రోడు:
నమస్కారమండి అందరికీ. మాది రాజోలు అవతల లంక ఊరు. నాన్నకి 68, సీఓపీడీ అని, అంటే ఊపిరితిత్తులు పాడై ఊపిరాడని జబ్బని, నాలుగేళ్ల కిందట తేల్చారు. ఇదివరకు దింపు రోజున తోటంతా తిరిగి కాయలు ఆయనే లెక్కపెట్టించేవాడు, ఇప్పుడు ఏటిగట్టు ఎక్కాలంటే రెండుసార్లు ఆగాలి, తాటిచెట్టుకి చెయ్యి ఆనించి ఈల వేస్తున్నట్టు మూతి ముడిచి ఊపిరి వదులుతాడు, మనం చూస్తున్నామని తెలిస్తే పైకి చూసి గెలలు లెక్కపెడుతున్నట్టు నటిస్తాడు. సిటీలో ఒక ప్రైవేటు క్లినిక్ వాళ్లు ఏమన్నారంటే ఈ జబ్బున్నవాళ్లకి రక్తనాళాలు రిపేర్ చేసే కణాలు తగ్గిపోతాయంట, స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే ఊపిరితిత్తి మళ్లీ చిగురిస్తుందంట, నాలుగు లక్షలంట. అన్నయ్య రోడ్డు పక్క పాతిక సెంట్లు బేరం పెట్టేశాడు. నాకెందుకో తేడా కొడుతోంది.

గట్టుమీద:
తేడా ఏముంది బ్రదర్, తోట మళ్లీ కొనుక్కోవచ్చు, నాన్నని కొనగలమా. పైగా క్లినిక్ వాళ్లు గాల్లోంచి పుట్టించిన మాట కాదిది. 2000లో ఎలకల మీద చేశారు, రక్తనాళాలకి పెరగమని చెప్పే వీఈజీఎఫ్ అనే సిగ్నల్‌ని మందుతో ఆపేస్తే చాలు, పొగ అక్కర్లేకుండానే ఊపిరితిత్తిలో గాలి గదుల గోడలు చచ్చి ఎంఫిసీమా వచ్చేసింది, సీఓపీడీలో ఊపిరితిత్తికి జరిగేది అదే. అంటే ముందు పాడయ్యేది రక్తనాళమే. కాలవకి నీళ్లు ఆపేస్తే చేను ఎండదా?

కాకినాడ ల్యాబోడు:
ఎలకల సంగతి నిజమేనండి, కాదనను. ఈ జబ్బున్నవాళ్ల రక్తంలో ఆ కణాలు తక్కువున్నాయని కూడా చాలా స్టడీల్లో చూశారు. కానీ అసలు “ఆ కణాలు” అంటే ఏ కణాలు అన్నదే తేలని గొడవ. 1997లో అసహారా, ఇస్నర్ వాళ్లు అమెరికాలో మొదటిసారి బయటపెట్టారు, పెద్దవాళ్ల రక్తంలో కూడా నాళాల లోపలి పొర కట్టగల కణాలు తిరుగుతున్నాయని. అప్పట్నుంచి ఒక్కో ల్యాబ్ ఒక్కో గుర్తు పెట్టుకుని లెక్కపెట్టింది, సీడీ34 అని ఒకరు, సీడీ133 అని ఒకరు. 2007కి వచ్చేసరికి ఇండియానా యూనివర్సిటీ వాళ్లు విడదీసి చూస్తే, చాలామంది లెక్కపెట్టిన కాలనీలు అసలు నాళం కట్టేవే కావు, తెల్లరక్తకణాల జాతివి, పక్కనుండి సాయం మాత్రం చేస్తాయి. తాపీమేస్త్రీలు తగ్గారు అని రాసుకున్నవాళ్లు నిజానికి ఇసుక మోసేవాళ్లని లెక్కపెట్టారన్నమాట. నిజంగా నాళం కట్టే రకం వేరే ఉంది, అది రక్తంలో బహు తక్కువ.

ఇంకోటి. ఆ క్లినిక్ ఎక్కించేది ఏ కణమో అడిగారా? ఎక్కువమంది వాడేది మూలగ నుంచో కొవ్వు నుంచో తీసే మెసెంకైమల్ రకం, అది ఈ రిపేర్ కణం కాదు. కథ ఒకదానిది, సూది ఇంకోదానిది. ఆ రకాన్ని అమెరికాలో 62 మంది సీఓపీడీ పేషెంట్లకి ఎక్కించి రెండేళ్లు చూసి 2013లో రాశారు, ప్రమాదమైతే ఏం లేదు గానీ ఊదే టెస్ట్‌లో డమ్మీ ఎక్కించినవాళ్లకీ వీళ్లకీ తేడా రాలేదు.

గట్టుమీద:
ప్రమాదం లేదని మీరే అంటున్నారు కదా, మరి చేయిస్తే పోయేదేంటి?

కాకినాడ ల్యాబోడు:
పాతిక సెంట్లు.

పాలకొల్లు అక్క:
😂 ఒక్క మాట చెప్తాను బాబూ. మా అమ్మ జన్మలో చుట్ట ముట్టలేదు, ఆవిడకీ ఇదే జబ్బు. కొబ్బరి మట్టలు, డొక్కలు పెట్టి ఊదిన పొయ్యి ముందు ముప్పయ్యేళ్లు, వానాకాలం తడి డొక్క అయితే వంటిల్లంతా పొగే, కళ్లు తుడుచుకుంటూనే చేపల పులుసు దించేది. 1999లో దీపం పథకం వచ్చింది గానీ మా ఇంట్లో సిలిండర్ చాన్నాళ్లు చుట్టాలొస్తే టీకే. ఆవిడకి కణాలెన్నున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు, ఇన్‌హేలర్ సరిగ్గా పీల్చడం నేర్పారు అంతే, రెండేళ్లు తప్పుగా పీల్చింది పాపం, మందంతా నాలుక మీదే. అది సరిచేశాక మేడ మెట్లు ఎక్కుతోంది. మీ నాన్నగారు పీల్చేటప్పుడు పక్కన నిలబడి చూశారా ఎప్పుడైనా? చుట్ట మానేశారా?

లంకకుర్రోడు:
మానేశాడనే అనుకుంటున్నామండి. లంక పొగాకు, నలభయ్యేళ్ల అలవాటు.

కాకినాడ ల్యాబోడు:
“అనుకుంటున్నాం” అన్న చోటే నాకు అనుమానం. 2004లో జపాన్‌లో 15 మంది చేత సిగరెట్ మాన్పించి నాలుగు వారాలు చూశారు, మీ క్లినిక్ తగ్గిపోతాయని చెబుతున్న ఆ కణాలే రక్తంలో పెరిగాయి, మళ్లీ మొదలెట్టగానే పడిపోయాయి. పెరిగితే ఊపిరితిత్తి మొలుస్తుందని కాదండోయ్, పోయిన గోడ రాదు, కానీ పెంచడమే కావాలంటే చుట్ట ఆర్పడం ఫ్రీ.

అలాగే ఐసీఎంఆర్, అంటే కేంద్రం వైద్య పరిశోధన సంస్థ, 2017 రూల్స్ ప్రకారం రక్తం జబ్బులకి చేసే మూలగ మార్పిడి లాంటివి తప్ప మిగతా స్టెమ్ సెల్ అంతా ట్రయల్ కిందే చెయ్యాలి, ట్రయల్ అంటే పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. సీటీఆర్ఐ నంబర్ అడగండి, దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్టర్ అది. వేలికి పెట్టే మీటర్‌లో ఆక్సిజన్ ఊరికే కూర్చున్నా 88 లేదా కింద ఉంటుంటే డాక్టర్‌కి చూపించండి, అలాంటివాళ్లకి రోజుకి 15 గంటలు ఆక్సిజన్ పెడితే ఆయుష్షు పెరిగిందని 1981లోనే తేలింది.

లంకకుర్రోడు (మూడు రోజుల తర్వాత):
క్లినిక్‌కి ఫోన్ చేసి ట్రయల్ నంబర్ అడిగానండి, ఆవిడ సార్‌ని కనుక్కుని చెప్తానంది, మళ్లీ చెయ్యలేదు. మీటర్ 92 చూపించింది. ఇన్‌హేలర్ పక్కన నిలబడి చూశా, అక్క చెప్పినట్టే, పీల్చకముందే నొక్కేస్తున్నాడు. ఇక చుట్టలు పశువుల పాకలో చూరుకింద దొరికాయి, తొమ్మిది, తాటాకులో చుట్టి. అమ్మకి ముందే తెలుసంట. నాన్న ఏమన్నాడంటే రోజుకి ఒకటేరా, అదీ సగమే అన్నాడు.

గట్టుమీద:
నేనింకా ఒప్పుకోనండి, ముందు దెబ్బతినేది రక్తనాళమే, ఎప్పటికైనా మందు అక్కణ్నుంచే వస్తుంది. కానీ ఆ తోట మాత్రం ఇప్పుడు అమ్మకు బ్రదర్. మీ అన్నయ్య బయానా తీసుకున్నాడా?

లంకకుర్రోడు:
తీసుకున్నాడు, పదివేలు. రేపు తిరిగిచ్చేయడానికి వెళ్తున్నాం.